బాట వదిలిన మోటారు సైకిలు

మోటారు సైకిలు పుట్టిన రోజుల్లో దానికి తగిన రోడ్డు ఎక్కడా లేదు. 1885లో జర్మనీ దేశంలో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ అనే ఇద్దరు ఇంజనీర్లు తాము తయారు చేసిన చిన్న పెట్రోలు యంత్రాన్ని పరీక్షించదలచి, ఒక కొయ్య చట్రానికి రెండు చక్రాలు తగిలించి దానిలో ఆ యంత్రాన్ని బిగించారు. వాహనం పడిపోకుండా ఇరుప్రక్కలా మరి రెండు చిన్న చక్రాలు అమర్చారు. యంత్రం బలం సుమారు సగం అశ్వసామర్థ్యం. చక్రాలు కొయ్యవి, మన ఎడ్లబండి చక్రాలకు వలెనే వాటికి ఇనుప పట్టాలు ఉండేవి. గాలి నింపిన రబ్బరు టైరును బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ రూపొందించింది ఆ తరువాత మూడేళ్ళకు, 1888లో. కాబట్టి ఆ మొదటి వాహనం ఎక్కినవారికి ప్రతి రాయీ, ప్రతి గుంటా వెన్నెముకకు తెలిసేవి.

కాలక్రమాన రోడ్లు బాగుపడ్డాయి. తారురోడ్డు వచ్చింది, వేగం పెరిగింది. అయినా కొందరు మంచి రోడ్డును వదలి, కావాలనే రాళ్ళదారి పట్టారు. సెలవునాడు నలుగురైదుగురు స్నేహితులు కలసి కొండదారుల్లో, అడవి బాటల్లో, వాగులు దాటుతూ మోటారు సైకిళ్ళ మీద ఒక పగలంతా గడిపి రావడం ఈనాడు అనేక దేశాలలో ఒక వినోదం. దీనిని ట్రైల్ రైడింగ్ అంటారు. ట్రైల్ అంటే కాలిబాట. ఇందులో పందెం లేదు, గడియారం లేదు, బహుమతి లేదు.

ఇది కేవలం కాలక్షేపమని అనుకోవచ్చు. కాని మోటారు సైకిలు చరిత్రను పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. ఈ యంత్రం నేర్చుకొన్న మంచి పాఠాలలో చాలాభాగం రోడ్డు మీద నేర్చినవి కావు. రోడ్డు లేనిచోట నేర్చినవి. ఆ పాఠాలు ఎట్లా వచ్చాయో, చివరకు ఏ పాఠం యంత్రానికి కాక మనిషికే మిగిలిందో చూద్దాం.

నిదానమే గెలుపు

మొదట ఒక మాటను విడదీసి చెప్పుకోవాలి. ట్రైల్ వేరు, ట్రయల్ వేరు. ట్రయల్ అంటే పరీక్ష. తొలినాటి మోటారు సైకిళ్ళు తరచు చెడిపోయేవి. కొండ ఎక్కలేక మధ్యలోనే ఆగిపోయేవి. ఏ యంత్రం గట్టిదో తేల్చడానికి బ్రిటన్‌లోని మోటారు సైకిలు సంఘాలు పరీక్షలు ఏర్పాటు చేశాయి. వీటిలో పేరెన్నికగన్న స్కాట్లండు పరీక్షకు 1909లో నాంది పడింది. అక్కడి పర్వత ప్రాంతాలలో ఆరు రోజులపాటు జరిగే ఈ పరీక్ష నేటికీ సాగుతున్నది. 1913లో ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో అంతర్జాతీయ ఆరు రోజుల పరీక్ష ప్రారంభమైంది. చెడిన భాగాన్ని నడిపేవాడు తన దగ్గర ఉన్న పనిముట్లతో తానే బాగుచేసుకోవడం ఆ పరీక్షకు ప్రాణం. 1981 నుండి దీనిని ఎండ్యూరో అని పిలుస్తున్నారు. ఓర్పును పరీక్షించే పోటీ అని భావం.

స్కాట్లండు పరీక్షలో త్వరగా పోయినవాడికి గొప్పతనం లేదు. రాళ్ళు, బురద, నిలువు వాలు ఉన్న కొన్ని చోట్లను హద్దులు పెట్టి గుర్తిస్తారు. నడిపేవాడు కాలు నేలకు తాకించకుండా ఆ చోటును దాటాలి. కాలు మోపితే తప్పు మార్కు పడుతుంది. యంత్రం ఆగిపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి ఇది నిదానానికీ నిలకడకూ పెట్టిన పరీక్ష.

ఇక్కడ ఘర్షణ సూత్రం ప్రత్యక్షంగా కనబడుతుంది. చక్రం నేలను పట్టుకొని దొర్లుతున్నంతవరకు టైరుకూ నేలకూ మధ్య ఉన్నది స్థైతిక ఘర్షణ. చక్రం జారి గిర్రున తిరగడం మొదలుపెట్టగానే అది జారుడు ఘర్షణగా మారుతుంది. తడిరాతి మీద రెండవది మొదటిదానికన్న తక్కువ. కాబట్టి జారే చోట పెట్రోలు ఎక్కువ ఇచ్చినకొద్దీ పట్టు తగ్గుతుంది. తెలిసినవాడు యంత్రాన్ని మెల్లగా, గుక్కతిప్పుకోనిచ్చి నడుపుతాడు. కొత్తవాడు కంగారుపడి పిడి తిప్పుతాడు. చక్రం తిరుగుతుంది, బండి కదలదు.

ఇట్టి దారుల్లో నడిపేవారు సీటు మీద కూర్చోక పాదపీఠాల మీద నిలబడతారు. నిలబడితే గరిమనాభి కిందికి దిగుతుందని కొందరు చెబుతారు. ఇది సరికాదు. నిలబడిన మనిషి శరీరం పైకి లేస్తుంది కనుక గరిమనాభి కూడా పైకే పోతుంది. అసలు లాభం వేరు. కూర్చున్నవాడు యంత్రానికి కట్టిన మూటవంటివాడు; అది ఎటు ఒరిగితే అటు ఒరుగుతాడు. నిలబడినవాడి మోకాళ్ళు స్ప్రింగులుగా పనిచేస్తాయి. కింద యంత్రం ఎగిరినా, ఇటూ అటూ ఒరిగినా, పైన శరీరం దాదాపు నిలకడగా ఉంటుంది. గుర్రపు రౌతు రికాబుల మీద లేచి నిలబడటంలోని రహస్యం ఇదే.

స్క్రాంబుల్ అనే కొత్త పేరు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో మోటారు సైకిళ్ళు తయారుచేసే ఆల్ఫ్రెడ్ స్కాట్ తన కర్మాగారపు పనివారికోసం 1914లో ఒక పరీక్ష ఏర్పాటు చేశాడు. ఇందులో నిలకడకే గాక వేగానికీ విలువ ఇచ్చారు. దక్షిణ ఇంగ్లండులోని వారు దీనిని చూచి 1924లో కాంబర్లీ అనే చోట అటువంటి పోటీనే తలపెట్టారు. అయితే వారు కాలు మోపితే మార్కులు తగ్గించే ఏర్పాటును తీసివేసి, వేగాన్ని మాత్రమే ఉంచారు. దానిని పరీక్ష అనడానికి వీలులేదని పెద్ద సంఘంవారు అభ్యంతరం చెప్పడంతో దానికి స్క్రాంబుల్ అనే పేరు వచ్చింది. ఎగబ్రాకుతూ, పడుతూ లేస్తూ తొక్కిసలాటగా పోవడమని ఆ మాటకు అర్థం.

ఈ ఆట ఐరోపాలో వ్యాపించి మోటోక్రాస్ అయింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకే, 1947లో, నెదర్లాండ్స్‌లోని వాసెనార్ వద్ద దేశాల మధ్య తొలి పోటీ జరిగింది. 1952లో ఐరోపా చాంపియన్‌షిప్, 1957లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనాయి. పోటీలు ఇట్లా ఎక్కువకావడంతో తయారీదారులకు రాళ్ళదారి ఒక ప్రయోగశాల అయింది.

వెనుక చక్రానికి స్ప్రింగు

చాలాకాలం మోటారు సైకిలు ముందు చక్రానికే స్ప్రింగులు ఉండేవి. వెనుక చక్రాన్ని చట్రానికి గట్టిగా బిగించేవారు. పరీక్షలలో ఆరితేరిన వారు కూడా వెనుక చక్రం బిగుతుగా ఉంటేనే నేల మీద పట్టు బాగుంటుందని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని సవాలు చేసినది బ్రిటన్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ. 1948లో ఆ సంస్థ తన కొత్త 350 సి.సి. బుల్లెట్‌ను పరీక్షలకు పంపింది. దాని వెనుక చక్రం ఊగే చేతి మీద అమరి ఉంది. ఆ చేతి ఒక కొస చట్రానికి మడతబందు వలె కలిసి ఉంటుంది. రెండవ కొసన చక్రం ఉంటుంది. చక్రం రాయి ఎక్కినపుడు ఆ చేయి పైకి లేస్తుంది, స్ప్రింగు నొక్కుకొంటుంది. అదే సంవత్సరం ఇటలీలోని సాన్‌రెమోలో జరిగిన ఆరు రోజుల పరీక్షలో గెలిచిన బ్రిటిష్ జట్టులో బుల్లెట్ నడిపిన ఇద్దరు ఉన్నారు. వారికి బంగారు పతకాలు లభించాయి.

పాత నమ్మకం ఎందుకు తప్పయింది? చక్రం గాలిలో ఉన్నపుడు ఘర్షణ సున్న. బిగించిన చక్రం రాతిని గుద్దుకొని, మొత్తం యంత్రంతో సహా పైకి ఎగురుతుంది. మళ్ళీ నేలను తాకేవరకు దానికి పట్టు లేదు. స్ప్రింగు మీది చక్రం తానొక్కటే లేచి వెంటనే నేలను అంటుకొంటుంది. అయితే స్ప్రింగు ఒక్కటే చాలదు. స్ప్రింగు నొక్కుకొన్నపుడు శక్తిని దాచుకొని, తిరిగి ఇచ్చివేస్తుంది. దానితో చక్రం బంతివలె ఎగురుతుంది. అందుకే స్ప్రింగుతోపాటు నూనె నింపిన గొట్టం ఒకటి ఉంటుంది. అందులో ఒక ముషలకం సన్నని రంధ్రాల గుండా నూనెను తోస్తుంది. ఆ శ్రమలో శక్తి వేడిగా మారి పోతుంది, ఊగు అణగిపోతుంది. రాళ్ళదారిలో కొంతసేపు నడిచిన యంత్రం వెనుకనున్న ఆ గొట్టాన్ని తాకితే వెచ్చగా ఉండటానికి కారణం ఇదే.

మన దేశానికి ఈ చరిత్రతో సంబంధం ఇక్కడే ఏర్పడింది. సరిహద్దులలో గస్తీకోసం భారత సైన్యం బుల్లెట్‌ను ఎంచుకొన్నది. 1955లో మద్రాసులో దీని తయారీకి ఏర్పాట్లు జరిగాయి. మొదట ఇంగ్లండునుండి భాగాలు తెచ్చి కూర్చేవారు. క్రమంగా అన్ని భాగాలనూ ఇక్కడే తయారుచేశారు. తెలుగు పల్లెల మట్టిబాటల్లో దశాబ్దాలపాటు తిరిగిన బుల్లెట్ వెనుక స్ప్రింగు ఐరోపా కొండదారుల్లో పరీక్షకు నిలిచిన స్ప్రింగే.

బరువు తగ్గిన విధం

స్ప్రింగుల తరువాత వచ్చిన ప్రశ్న బరువు. మొదట్లో రాళ్ళదారికి కూడా రోడ్డు యంత్రాలనే కొద్దిపాటి మార్పులతో వాడేవారు. పడిపోయిన బండిని బురదలోనుండి ఎత్తిన ప్రతివాడికీ బరువు విలువ తెలిసింది.

తేలిక యంత్రానికి మూలం మళ్ళీ జర్మనీలోనే దొరికింది. 1939లో డి.కె.డబ్ల్యు. సంస్థ 125 సి.సి. రెండు స్ట్రోకుల మోటారు సైకిలును తయారు చేసింది. యుద్ధంలో జర్మనీ ఓడిపోగా, నష్టపరిహారం కింద దాని నమూనాను గెలిచిన దేశాలు తీసుకొన్నాయి. బ్రిటన్‌లో బి.ఎస్.ఏ. బాంటమ్, అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ సంస్థ చిన్న యంత్రం, రష్యాలో మరొక యంత్రం, 1955లో జపానులో యమహా మొదటి మోటారు సైకిలు, అన్నీ ఆ ఒక్క నమూనా సంతానమే.

నాలుగు స్ట్రోకుల యంత్రంలో ఇరుసు రెండుసార్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. రెండు స్ట్రోకుల యంత్రంలో ఇరుసు తిరిగిన ప్రతిసారీ మండుతుంది. పైగా దానికి కవాటాలు, వాటిని నడిపే సరంజామా అక్కరలేదు. ముషలకమే రంధ్రాలను మూసి తెరుస్తుంది. కాబట్టి అదే బలానికి తక్కువ బరువు చాలును. అయితే మండని పెట్రోలులో కొంత పొగతో పాటే పోవడం దానిలోని పెద్ద లోపం. పొగను అదుపుచేసే నియమాలు గట్టిపడిన తరువాత రోడ్డు మీద నాలుగు స్ట్రోకుల యంత్రాలదే పైచేయి కావడానికి కారణం ఈ లోపమే.

1964 చివర ఉత్తర ఐర్లండుకు చెందిన శామీ మిల్లర్ 500 సి.సి. బ్రిటిష్ యంత్రాన్ని వదలి, స్పెయిన్ దేశపు బుల్టాకో సంస్థలో చేరాడు. అతని సహాయంతో రూపొందిన 244 సి.సి. రెండు స్ట్రోకుల యంత్రం బరువు నూరు కిలోలలోపే. ఆ యంత్రంతో అతడు 1965లో స్కాట్లండు పరీక్ష గెలిచాడు. బరువైన యంత్రాల కాలం దానితో ముగియసాగింది.

పళ్ళచక్రం చేసిన మేలు

ఇంతవరకు చెప్పినది ఆరితేరిన వారి కథ. సామాన్యుడిని కాలిబాట ఎక్కించిన ఘనత ఒక చిన్న యంత్రానిది. 1958లో జపానులో హోండా సంస్థ 49 సి.సి. సూపర్ కబ్‌ను విడుదల చేసింది. దాని బలం 4.5 అశ్వసామర్థ్యం. అది పట్టణపు వీధులకోసం తయారైన బండి. కాని అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో బాయిసీ పట్టణపు వ్యాపారి ఒకరు దాని వెనుక పళ్ళచక్రాన్ని పెద్దది చేసి, గడ్డల టైర్లు తగిలించి, వేటగాళ్ళకూ చేపలు పట్టేవారికీ అమ్మసాగాడు. అతని అమ్మకాలను గమనించిన హోండా సంస్థ కొద్దికాలంలోనే ట్రైల్ పేరుతో తానే అటువంటి బండ్లను తయారు చేసింది.

ఇంత చిన్న యంత్రం కొండ ఎక్కడం సాధ్యమా? లెక్క చూడండి. బండి, మనిషి, మూట కలిసి 150 కిలోలు అనుకొందాం. నాలుగు గజాలు పోతే ఒక గజం ఎత్తు పెరిగే వాలు మీద దానిని తోయడానికి బరువులో నాలుగో వంతు, అంటే సుమారు 37 కిలోల బలం కావాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే దానికి కావలసిన సామర్థ్యం సుమారు 1,000 వాట్లు, అనగా ఒకటింపావు కంటే కొంచెం ఎక్కువ అశ్వసామర్థ్యం మాత్రమే. బురద, ఇసుకల నిరోధానికి మరికొంత కలిపినా యంత్రానికి బలం చాలును. చాలనిది చక్రం దగ్గరకు వచ్చే తోపు. వెనుక పళ్ళచక్రంలో 36 పళ్ళకు బదులు 72 పళ్ళు ఉంటే వేగం సగమవుతుంది, తోపు రెట్టింపవుతుంది. తరగతిలో చెప్పే తులాదండ సూత్రమే ఇది. ఇక్కడ గుండ్రని రూపం ధరించింది.

1968లో యమహా సంస్థ అమెరికాలో డి.టి.-1 అనే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. 246 సి.సి., సుమారు 18 అశ్వసామర్థ్యం, సుమారు 112 కిలోల బరువు. దీపాలు, హారను ఉన్నందున రోడ్డు మీద ఉద్యోగానికి పోవచ్చు. సెలవునాడు అదే బండితో అడవి బాట పట్టవచ్చు. స్నేహితులు కలసి గడిపే ట్రైల్ దినం లక్షలాది సామాన్యులకు అందినది ఇటువంటి యంత్రాలతోనే.

ఆ దినానికి కొన్ని కట్టుబాట్లు కూడా అనుభవంతో ఏర్పడ్డాయి. బయలుదేరే ముందు టైర్లలో గాలి కొంత తగ్గిస్తారు. ఎవరి పెట్రోలు తొట్టి చిన్నదో దానిని బట్టి దూరం నిర్ణయిస్తారు. దారి చీలినచోట ముందువాడు ఆగి, వెనుకవాడు కంటబడిన తరువాతనే కదులుతాడు. జట్టు వేగం అందరికన్న నిదానమైనవాడి వేగమే. ఒకడు పడితే అందరూ ఆగుతారు. ఎవరూ ఒంటరిగా పోరు. విరిగిన కాలుతో అడవిలో ఒంటరిగా మిగిలినవాడికి నైపుణ్యం ఎంత ఉన్నా ఉపయోగం లేదు.

ఒక ఉపాధ్యాయుని ఊహ

వెనుక స్ప్రింగు కథలో మరొక మలుపు ఉన్నది. బెల్జియంలో ఇంజనీరింగు బోధించే లూసియెన్ టిల్కెన్స్ కుమారుడు మోటోక్రాస్ నడిపేవాడు. కుమారుని బండి ఎగిరిపడటం చూచి ఆయన వెనుకనున్న రెండు పొట్టి గొట్టాలకు బదులు సీటు కింద ఒకే పొడవైన గొట్టాన్ని అమర్చాడు. దీనితో చక్రం మునుపటికన్న చాలా ఎక్కువ ఎత్తుకు లేచి దిగగలిగింది. యమహా సంస్థ ఆ హక్కులు కొన్నది. 1973లో స్వీడన్ దేశస్థుడు హోకన్ ఆండర్సన్ ఆ ఏర్పాటు ఉన్న యమహా మీద 250 సి.సి. ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఈనాడు మన వీధుల్లో వెనుక ఒకే షాక్ అబ్సార్బరు ఉన్న మోటారు సైకిళ్ళు అనేకం కనబడతాయి. ఆ పద్ధతికి బలమైన ఊపు ఇచ్చినది ఒక ఉపాధ్యాయుడు మట్టిదారి కోసం చేసిన ఈ పని.

నేల చెప్పిన పాఠం

యంత్రం రాళ్ళను జయించింది. కాని యంత్రం కింద ఉన్న నేల సంగతి ఏమిటి?

బండి, మనిషి కలసి 180 కిలోలు అనుకొందాం. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అయితే, రెండు టైర్లూ కలిపి నేలను తాకే చోటు సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. ఇది దాదాపు ఒకటిన్నర పోస్టుకార్డుల వైశాల్యం. నడిచే మనిషి పాదం కింద పీడనం దీనిలో సగంకంటే తక్కువ ఉంటుంది. పీడనంలో తేడా మరీ పెద్దది కాదు గదా అనవచ్చు. అసలు హాని రెండు విధాల వస్తుంది. జారి తిరిగే చక్రం పైపొరను గీకి విసిరివేస్తుంది. రెండవది, అడుగుజాడలు విడివిడిగా ఉంటాయి, చక్రపుజాడ తెగని గాడి. వాలు మీద వానకు ఆ గాడి కాలువ అవుతుంది. కాలువ లోతై గండి అవుతుంది. తొక్కుడుపడిన మన్నులో రంధ్రాలు మూసుకొనిపోయి నీరు ఇంకదు. ఇంకని నీరు మరింత మన్నును కోసుకొనిపోతుంది. ఎడారిలో సూక్ష్మజీవులు, నాచుమొక్కలు కలసి కట్టిన పలుచని పొర నేలకు చర్మం వంటిది. అది ఒకసారి చితికితే తిరిగి ఏర్పడడానికి ఎన్నో ఏళ్ళు, కొన్నిచోట్ల తరాలే పడుతుంది.

అమెరికాలోని మొహావి ఎడారిలో 1967 నుండి బార్‌స్టో నుండి లాస్‌వేగాస్ వరకు వేలమంది ఒకేసారి బయలుదేరే పోటీ జరిగేది. 1974 పోటీలో నేలకు కలిగిన నష్టాన్ని పరిశీలించిన ప్రభుత్వ శాఖ మరుసటి సంవత్సరం అనుమతి నిరాకరించింది. అది 1983లో తిరిగి మొదలై 1989తో ముగిసింది. అంతకుముందే, 1972 ఫిబ్రవరిలో, ప్రభుత్వ భూములలో ఇటువంటి వాహనాలకు ఏ దారులు తెరవాలో, ఏవి మూయాలో నిర్ణయించవలెనని అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు చేశాడు. అప్పటికే ఆ దేశంలో రోడ్డు వదలి తిరిగే వినోద వాహనాలు, అన్ని రకాలూ కలిపి, సుమారు 50 లక్షలని ఆ ఉత్తర్వు పేర్కొన్నది. హాని కనబడగానే దారి మూసే అధికారాన్ని 1977లో అధ్యక్షుడు కార్టర్ చేర్చాడు. ఇంగ్లండులో 2006 నాటి చట్టం అనేక పాత పల్లెబాటల మీద మోటారు వాహనాల హక్కును రద్దుచేసింది.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది కూడా 1972లోనే. అభయారణ్యాలలో అనుమతి లేనిదే ఎవరూ ప్రవేశించరాదు. నల్లమల వంటి అడవులలో బాట కనబడినంత మాత్రాన అది బండికి బాట కాదు. ఈ నియమాల వల్ల వినోదం చచ్చిపోతుందని బాధపడేవారున్నారు. వారి బాధలో కొంత న్యాయం లేకపోలేదు. జాగ్రత్తగా పోయే పదిమంది, విచ్చలవిడిగా పోయే ఒకని మూలంగా దారి కోల్పోతారు. కాని దారి మూతపడటానికి కారణం సాధారణంగా కాగితం మీది నియమం కాదు, కొండ మీది గాడి.

దీనిని పాఠశాల ఆవరణలోనే పరీక్షించవచ్చు. అడుగు తీసివేసిన ఒకే కొలత డబ్బాలు రెండు తీసుకొని, ఒకటి అందరూ తొక్కే బాట మీద, రెండవది పక్కనే తొక్కని మెత్తని నేల మీద రెండు అంగుళాలు దిగేటట్లు గుచ్చాలి. రెండింటిలో సమానంగా నీరు పోసి, ఇంకడానికి పట్టిన కాలాన్ని వ్రాసుకోవాలి. బాట మీది డబ్బాలో నీరు ఎంతసేపు నిలిచిందో చూచిన విద్యార్థికి మిగిలినది చెప్పనక్కరలేదు.

నూరేళ్ళకు పైగా రాళ్ళదారి మోటారు సైకిలుకు బడిగా ఉన్నది. పట్టు, స్ప్రింగు, తేలికదనం, పళ్ళచక్రపు లెక్క అన్నీ అక్కడ నేర్చుకొని, అది రోడ్డు మీదివారికి కూడా మేలు చేసింది. నేలను కాపాడే పాఠాన్ని మాత్రం ఏ యంత్రమూ నేర్చుకోలేదు. దానిని పిడి పట్టుకొన్న చేయి నేర్చుకోవలసి ఉంది.